మంచం పక్కన మనిషి

మా అత్త మంచం తలాపున ఒక నోటుపుస్తకం ఉండేది. కడప వై.వి. స్ట్రీటులో కొన్న రెండు వందల పేజీల లాంగ్ నోటుబుక్కు. తేదీ, టైము, ఏ పక్కకు తిప్పాం, ఎన్ని నీళ్ళు తాగింది, ఒంటికి ఎన్నిసార్లు, రెంటికి అయిందా లేదా, వీపు మీదా తుంటి మీదా చర్మం ఎర్రబడిందా - ఇవీ అందులో రాసేది. మంచాన పడిన మనిషిని రెండు గంటలకోసారి పక్క మార్చకపోతే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పాడు. పగలైతే గుర్తుంటుంది. రాత్రి ఎప్పుడు తిప్పామో తెల్లారేసరికి గుర్తుండదు. అందుకని మొదలుపెట్టిన పుస్తకం అది. 2019 ఆగస్టులో ఆమెకు ఎడమ చెయ్యీ కాలూ పడిపోయిన నాటి నుంచి, 2024 డిసెంబరులో పోయేదాకా అట్లాంటివి తొమ్మిది నిండాయి.

ఇరవై ఏడేళ్ళు డిగ్రీ పిల్లలకు చరిత్ర పాఠం చెప్పినదాన్ని. ఆధారం అంటే ఏమిటి, దాన్ని ఎవరు రాశారు, ఎందుకు రాశారు, ఎవరిని వదిలేసి రాశారు అని ప్రతి ఏడూ మొదటి క్లాసులో అడిగేదాన్ని. ఆ తొమ్మిది పుస్తకాలూ ఆధారాలే అన్న సంగతి మాత్రం బీరువా సర్దుతూ వాటిని పాతపేపర్ల అతనికి వేయబోతున్నప్పుడు తట్టింది. ముసలివాళ్ళను ఇంట్లో పెట్టుకొని చూసుకోవడం మన సంస్కృతి అని అందరూ అంటారు. సంస్కృతి అన్నాక దానికి చరిత్ర ఉండాలి కదా. మా సీమలో, కర్నూలు కడప జిల్లాల్లో, ఈ పని చరిత్ర ఎక్కడ దొరుకుతుంది?

మొదట నా సంగతి చెప్పాలి. లేకపోతే మీరు నన్ను మంచి కోడలనుకునే ప్రమాదం ఉంది. మా అత్తకూ నాకూ పడేది కాదు. పెళ్ళయిన కొత్తలో ఎం.ఫిల్. చదవడానికి అనంతపురం పోతానంటే ఆమె మూడు రోజులు అన్నం ముట్టలేదు. మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టిందని తెలిసి చూడ్డానికే రాలేదు. నేను ఉద్యోగంలో చేరి పదేళ్ళయినాక కూడా ఇంటికొచ్చినవాళ్ళతో "మావాడు పంపిస్తాండాడు ఉద్యోగానికి" అనేది. అట్లాంటి మనిషి కింద పాన్ పెట్టి తీసి, కడిగి, తుడిచి, పౌడరు అద్దాను. ప్రేమతో చేశానని రాయలేను. అసహ్యంతో చేశానని కూడా రాయలేను. చేయక తప్పదు కాబట్టి చేస్తూ పోతే, మూడో ఏడో నాలుగో ఏడో మేమిద్దరం ఒకరికొకరం అలవాటయ్యాం.

ఆమెకు ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెద్దాయన హైదరాబాదులో, చిన్నాయన అమెరికాలో. మధ్యలో మేము. నా భర్త చెడ్డవాడు కాదు. మందులు తెచ్చేవాడు, బిల్లులు కట్టేవాడు, సాయంత్రం తల్లి దగ్గర కూర్చొని పేపరు చదివి వినిపించేవాడు. గుడ్డలు మార్చడం మాత్రం "నాతో కాదు" అన్నాడు. అంతటితో ఆ సంగతి తేలిపోయింది. నాతో కాదు అనే మాట నేనూ అనొచ్చని ఆ పూట నాకు తోచనే లేదు. ఇన్నేళ్ళు స్త్రీవాద సాహిత్యం చదివి, పిల్లలకు పితృస్వామ్యం గురించి పాఠాలు చెప్పినదాన్ని కదా, ఆ మాట ఎందుకు తోచలేదా అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. చూడ్డానికి వచ్చినవాళ్ళు హార్లిక్సు సీసానో చీనీపళ్ళో పెట్టి, "కోడలంటే నువ్వేనమ్మా" అని పోయేవాళ్ళు. 2020లో స్వచ్ఛందంగా ఉద్యోగం వదిలేశాను. పిల్లలను చూసుకోవడానికి కేంద్ర ప్రభుత్వం తన మహిళా ఉద్యోగులకు 2008లో 730 రోజుల సెలవు ఇచ్చింది, మన రాష్ట్రం 2022లో దాన్ని 180 రోజులు చేసింది. ముసలివాళ్ళ సంరక్షణ అనే పేరుతో మా సర్వీసు రూల్సులో ఏ కాలమూ నాకు కనబడలేదు.

రాత్రి పన్నెండుకు, రెండుకు, నాలుగుకు లేవాలి. మధ్యలో పడుకుంటే నిద్ర పట్టదు. అట్లా సెల్‌ఫోనులో స్కాన్ చేసిన పాత పుస్తకాలు చదవడం అలవాటయింది. జిల్లా మాన్యువళ్ళు, కరువు నివేదికలు. ఉద్యోగంలో ఉన్నప్పుడు పరీక్ష పేపర్లు దిద్దడంతో సరిపోయిన కాలమంతా ఇప్పుడు రెండేసి గంటల ముక్కలుగా తిరిగొచ్చింది.

కడప జిల్లాకు గ్రిబుల్ దొర రాసిన మాన్యువల్ 1875లో అచ్చయింది. మరుసటి ఏడే ధాత కరువు మొదలైంది. అంటే జిల్లా గురించి అంత వివరంగా రాసిన పుస్తకంలో ఆ జిల్లా రూపం మార్చేసిన కరువే లేదు. కర్నూలు మాన్యువల్‌ను నరహరి గోపాలకృష్ణమ శెట్టి రాశారు. ఆయన డిప్యూటీ కలెక్టరు. ఆ పుస్తకం 1886లో, అంతా అయిపోయాక వచ్చింది. ఈ రెండు పుస్తకాల మధ్య ఏం జరిగిందో జనాభా లెక్కలు చెబుతాయి. 1871లో 9 లక్షల 14 వేలున్న కర్నూలు జిల్లా జనం 1881కి 6 లక్షల 78 వేలయ్యారు. నలుగురిలో ఒకరికి పైగా లేరు. కడప 13 లక్షల 51 వేల నుంచి 11 లక్షల 21 వేలకు పడిపోయింది. చచ్చిపోయినవాళ్ళు, పుట్టకుండా పోయినవాళ్ళు, దేశం పోయి తిరిగి రానివాళ్ళు అంతా ఆ తేడాలో ఉన్నారు.

ఈ కరువు మీద పెద్ద చరిత్రకారులే రాశారు. డేవిడ్ ఆర్నాల్డ్ 1984లో మద్రాసు రైతుల వైపు నుంచి రాశాడు. మైక్ డేవిస్ 2001లో ప్రపంచమంతటి కరువులతో కలిపి రాశాడు. గింజల కోసం తిరగబడినవాళ్ళు, దోవ పట్టి నడిచినవాళ్ళు, రోడ్ల పక్కన కంకర కొట్టినవాళ్ళు వాటిలో కనబడతారు. అంతా కదలగలిగినవాళ్ళు. నేను వాటిని చదివేటప్పుడు మాత్రం నా మనసు వేరే చోట ఉండేది. ఇల్లు వదిలి అందరూ క్యాంపు దోవ పట్టినప్పుడు, ఆ ఇంట్లో లేవలేని ముసలామె ఏమయింది? ఆమెతో ఎవరన్నా ఉన్నారా?

1877 జనవరిలో వైస్రాయి లిట్టన్ సర్ రిచర్డ్ టెంపుల్‌ను మద్రాసుకు పంపించాడు. ఖర్చు తగ్గించడం ఆయన పని. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, దానితో కాస్త చిల్లర డబ్బు చాలునన్నాడు. ఆడవాళ్ళకు ఇంకా తక్కువ. ఆ తిండితో కంకర కొట్టే మనిషి బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ వాదించాడు. చరిత్రలో ఈ తగాదా ప్రసిద్ధం. అయితే అదంతా గడ్డపార పట్టగలిగినవాళ్ళ గురించిన తగాదా. పట్టలేనివాళ్ళను ఎక్కడ పోషించాలి, క్యాంపులోనా ఇంటి దగ్గరా అనేది అంతకంటే తక్కువ గొంతుతో నడిచిన చర్చ. క్యాంపు అంటే జనం హడలిపోయేవాళ్ళు. కులం పోతుందని కొందరు, ప్రాణం పోతుందని కొందరు. జబ్బులతో కిక్కిరిసిన ఆ పాకల్లో రెండో భయం నిజమే. మద్రాసు ప్రభుత్వం ఊళ్ళలోనే గ్రామాధికారుల చేత డబ్బు ఇప్పించే పద్ధతిని కూడా నడిపింది. 1880లో రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన ఫామిన్ కమిషన్ నివేదిక ఇచ్చినప్పుడు, పని చేయలేనివాళ్ళకు సొంత ఊళ్ళో, ఇంటి దగ్గరే సాయం అందించే పద్ధతి వైపు మొగ్గింది. దాన్ని అనుసరించి 1883లో ఫామిన్ కోడ్ తయారయింది. దాని నమూనా మీద ఒక్కో రాష్ట్రం తన కోడ్ రాసుకుంది.

ఆ కోడ్‌లలో పని చేయించకుండా ఉచితంగా సాయం పొందగలిగినవాళ్ళ జాబితా ఒకటుంటుంది. మతిస్థిమితం లేనివాళ్ళు, అవిటివాళ్ళు, గుడ్డివాళ్ళు, ముసలితనం వల్లో బలహీనత వల్లో పని చేయలేనివాళ్ళు. ఇంతవరకూ ఎవరైనా ఊహించగలిగిందే. ఆ కిందనే ఇంకొక తరగతి ఉంది. ఇంట్లో జబ్బుపడినవాళ్ళనో పసిపిల్లలనో కనిపెట్టుకొని ఉండక తప్పనివాళ్ళు.

నేను లేచి కూర్చున్నాను. నా కదలికకు అత్తకు మెలకువ వచ్చింది.

"ఏంది పాపా?"

"మన గురించి రాసినారత్తా."

"మన గురించా?" అని ఒక పక్కకు లాక్కుపోయిన నోటితో నవ్వింది. "మన గురించి ఎవురు రాస్తారు?"

ఆ వాక్యం మీద నాకేమీ భ్రమలు లేవు. తెల్లదొరలకు ముసలివాళ్ళ మీద, వాళ్ళ కోడళ్ళ మీద దయ పుట్టి రాసింది కాదు. జనం ఊళ్ళొదిలి గుంపులుగా తిరిగితే జబ్బులు పాకుతాయి, శాంతిభద్రతలు పోతాయి, క్యాంపు ఖర్చు పెరుగుతుంది. ఇంటిపట్టున ఉంచితే చవక. పైగా అది కరువు ఉన్నన్నాళ్ళే. వాన పడగానే పేరు కొట్టేస్తారు. ఆ మనిషి ఆడదా మగాడా అని కూడా అక్కడ లేదు. ఉండక్కర్లేదు, ఎవరై ఉంటారో మనకు తెలుసు. ఇవన్నీ తీసేసినా ఒక సంగతి మిగులుతుంది. ఒక మనిషి మంచం వదల్లేకపోతే, ఆ మనిషిని వదల్లేని ఇంకో మనిషి ఉంటుందని, ఆమెకూ ఆకలేస్తుందని, ఆమె పేరు వేరే వరుసలో రాయాలని ఒక ప్రభుత్వ కాగితం ఒప్పుకుంది. నేను వెతికినంతలో ఆ పనికి విడిగా తరగతి కట్టిన చోటు అదొక్కటే దొరికింది.

ఆ రాత్రి నిద్ర పోయింది కాబట్టి అత్త తన కరువు చెప్పింది. అంతకు ముందు ముక్కలు ముక్కలుగా విన్నదే, ఒక్క ముక్క తప్ప.

ఆమె మెట్టినిల్లు కర్నూలు జిల్లా పత్తికొండ వైపు పల్లె. 1951, 52ల్లో వరసగా వానలు లేవు. రాయలసీమంతా అప్పటికింకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. 1952లో గంజి కేంద్రాలు తెరిచారు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు, కాపరానికొచ్చి రెండేళ్ళు. మామ, ఆయన తమ్ముడు హోసపేటకు పోయారు. తుంగభద్ర డ్యాము కడుతున్నారు, రాతి పని దొరుకుతుందని. తోడికోడలు పిల్లలను తీసుకొని పుట్టింటికి పోయింది. ఇంట్లో మిగిలింది ఈమె, ఈమె అత్త. ఆ అత్తకు రెండు కళ్ళూ పోయాయి, కాళ్ళల్లో సత్తువ లేదు. గంజి పోసేది రెండు మైళ్ళ అవతల ఊళ్ళో. ఈమె చెంబు తీసుకొని పోతే, "తాగేవాళ్ళే రావల్ల, ఈడనే కూచోని తాగల్ల" అన్నారట. గుడ్డి ముసలిదాన్ని ఎత్తుకొని పోలేదు కదా. రెండు రోజులు తన వంతు తాగి, ఏడ్చుకుంటా ఇంటికొచ్చింది. మూడో రోజు గంజి పోసే ఆడమనిషి చెవిలో చెప్పిందట, "అందరూ పోయినాక రా" అని. అట్లా గంగాళం అడుగున గీరినది చెంబులో పోయించుకొని వచ్చేది. పోయేటప్పుడు ముసలామె పక్కన ముంతలో నీళ్ళు పెట్టి, తలుపుకు బయట గొళ్ళెం వేసేది. కుక్కలు వస్తాయని, ముసలామె పాకుకుంటా బయటికి పోతుందని.

ఇదంతా విన్నదే. విననిది చివర చెప్పింది. ఒక రోజు బాగా పొద్దుపోయి ఇంటికి చేరింది. చూస్తే ముసలామె మంచం మీంచి పడి, ముంత దొర్లించుకొని, తలుపు దాకా పాకి, అక్కడే అన్నీ పోసుకొని పడుండాది. గంజి కోసం చేతులు చాపి తడుముతా తిడతాంది.

"ఆ పొద్దు దాన్ని కొట్టినా పాపా. రెండు దెబ్బలు కొట్టినా. గుడ్డిది, యాడికి పోతాది? అయినా కొట్టినా."

మగవాళ్ళు తిరిగొచ్చేలోపలే ఆమె పోయిందట. డెబ్బయ్యేళ్ళు మా అత్త ఈ మాట ఎవరికీ చెప్పలేదు. మామకు చెప్పలేదు, కన్న కూతురికి చెప్పలేదు. నాకెందుకు చెప్పిందో అప్పుడు నేను అడగలేదు, తర్వాత అడగబుద్ధి కాలేదు.

స్త్రీశక్తి సంఘటన వాళ్ళు 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు నేను విద్యార్థిని. తెలంగాణ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను అడిగి, విని, రాసిన పుస్తకం. వీరగాథలో ఇమడని మాటలు వినడం మాలో చాలామందికి అదే నేర్పింది. నేను ఆ పద్ధతిలో ఒక్క పరిశోధన కూడా చేయలేకపోయానే అని రిటైరయ్యేదాకా బాధపడ్డాను. అడగాల్సిన మనిషి నా ఇంట్లోనే, నాకు పడని మనిషిగా ముప్పయ్యేళ్ళు తిరిగింది.

ఆమె చెప్పిందానికి ఒక కారణం ఉండొచ్చు. అంతకు పది రోజుల ముందు తెల్లవారుజామున నాలుగు గంటలకు, అప్పుడే మార్చిన పక్కబట్ట మళ్ళీ తడిపినప్పుడు, నేను ఆమె కుడి చెయ్యి పట్టి గట్టిగా, ఉండాల్సినదానికంటే చాలా గట్టిగా గుంజాను. ఆమె ఏమీ అనలేదు. నాలుగో నోటుపుస్తకంలో ఆ ఉదయం నా రాత ఉంది: కుడి చెయ్యి మోచేతి పైన కమిలింది. ఎట్లా కమిలిందో రాయలేదు. రేపు ఎవరైనా పరిశోధక విద్యార్థిని ఆ పుస్తకం తెరిస్తే ఎంత శ్రద్ధగా రాశారో అనుకుంటుంది.

స్వతంత్రం వచ్చాక ముసలితనం మెల్లమెల్లగా కాగితాల మీదికొచ్చింది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం తల్లిదండ్రులను పోషించే బాధ్యత కొడుకు మీదా కూతురి మీదా పెట్టింది. పెళ్ళయిన కూతురు కూడా బాధ్యురాలేనని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది. 1995 ఆగస్టు 15న జాతీయ వృద్ధాప్య పింఛను వచ్చింది, 65 దాటిన నిరుపేదలకు నెలకు 75 రూపాయలు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునలు, నెలకు 10 వేలకు మించని మనోవర్తి. ఈ చట్టంలో పిల్లలంటే కొడుకు, కూతురు, మనవడు, మనవరాలు. కోడలు లేదు. 2019లో పార్లమెంటులో పెట్టిన సవరణ బిల్లు కోడలినీ అల్లుడినీ చేర్చబోయింది గాని, 2024లో ఆ లోక్‌సభతో పాటే మురిగిపోయింది. చేరితే ఒక అన్యాయం తీరేదని నేననను. ఆస్తి ఇవ్వని ఇంట్లో చాకిరీ బాకీని కోడలి పేర చట్టబద్ధం చేసినట్టయ్యేది. నేను చెప్పేది వేరే. ఈ చట్టాలన్నిటిలో పోషణ అంటే డబ్బు. అన్నం ఎవరు పెడతారు, పక్కబట్ట ఎవరు ఉతుకుతారు అనేది ఏ సెక్షనులోనూ లేదు.

మా ఆడబిడ్డ విషయం చూడండి. ఆమెకు 1982లో పెళ్ళయింది. మన రాష్ట్రంలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చిన సవరణ 1986లో చట్టమై, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది, అప్పటికి పెళ్ళికాని వాళ్ళకే. 1998లో కొడుకులు ముగ్గురూ భూమి పంచుకొని రిజిస్టరు చేసుకున్నారు. 2005లో కేంద్రం కూతుళ్ళందరికీ హక్కు ఇచ్చేనాటికి ఆ పంపకం అయిపోయింది. సెంటు భూమి దక్కని ఆమె ప్రతి ఏడూ పది పదిహేను రోజులు వచ్చి, నన్ను పడుకోమని, తల్లికి రాత్రిళ్ళు కాపలా ఉండేది. మూడు వాటాలు తీసుకున్నవాళ్ళలో ఇద్దరు వీడియో కాల్‌లో కనిపించేవాళ్ళు. దీన్ని ఫిర్యాదుగా రాయడం లేదు. రాస్తున్నానేమో కూడా.

2021లో నా నడుము పోయింది. అప్పుడు రాయచోటి దగ్గరి పల్లె నుంచి ఒకామె వచ్చింది. నలభై అయిదేళ్ళు, ఏడో తరగతి చదువు. పాత కడప జిల్లా నుంచి, ముఖ్యంగా రాయచోటి, రాజంపేట వైపు నుంచి ఆడవాళ్ళు ఖద్దామా వీసా మీద కువైటు పోవడం మనకు తెలిసిందే. ఈమె పదకొండేళ్ళు అక్కడ ఉండి వచ్చింది. అందులో ఆరేళ్ళు చేసిన పని ఒక ముసలి కువైటీ ఆమెను చూసుకోవడం. దుప్పటి మడత వేసి దాంతోనే మనిషిని దొర్లించడం, మడమల కింద గుడ్డ చుట్టలు పెట్టడం, అన్నం మెత్తగా చేసి గొంతు పట్టకుండా తినిపించడం ఆమె నాకు నేర్పింది. మా ఇళ్ళలో తరతరాలుగా ఉందని చెప్పుకునే విద్య నాకు కువైటు మీదుగా వచ్చింది. "ఆడ నేను 'మామా'ను జూసుకుంటాంటే, ఈడ మాయమ్మ పొలంకాడ పడి సచ్చిపాయ అక్కా" అని ఒకసారి అంది. మిక్సీ వేస్తూ అన్నది, ఆపి మళ్ళీ చెప్పమనలేకపోయాను.

మా అత్త ఆమె చేత కడిగించుకునేది, తుడిపించుకునేది, తల దువ్వించుకునేది. ఆమె చేతి నీళ్ళు మాత్రం తాగేది కాదు. నీళ్ళకు నేను రావాలి. నేను మాదిగలింటి బిడ్డను కాను కాబట్టి. ఎనిమిది నెలలు ఇట్లా నడిచింది. నేను మందలించాను, పోట్లాడాను, రెండుసార్లు గ్లాసు అక్కడే పెట్టి వెళ్ళిపోయాను. చివరకు ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేను బ్యాంకులో ఉండగా దాహానికి ఆగలేక తాగింది. మనసు మారిందని చెప్పను. మర్నాడు మళ్ళీ నన్నే పిలిచింది. మనం ఇంటి చాకిరీ గురించి రాసేటప్పుడు 'స్త్రీ' అని ఒక మాట రాస్తాం. ఆ మాట కింద నేనూ, నా దగ్గర నెలకు పన్నెండు వేలకు చేసే ఆమె ఒకే వరసలో కూర్చోము. నేను పుస్తకాలు చదువుకున్న ఆ రెండేసి గంటలు కూడా చాలావరకు ఆమె మేలుకున్నందువల్లే దొరికినవి.

ఆమె ఇంట్లోనూ ఒక అత్త ఉంది. ఆ అత్తకు పింఛను వస్తుంది, 2024 జులై నుంచి 4 వేలు. అదే నెల నుంచి పూర్తిగా మంచాన పడిన వాళ్ళకు 15 వేలు చేశారు. నేను ఇది మంచిదే కదా అంటే ఆమె, "ముసల్దానికి నాలుగు వేలు. దాన్ని జూసే మా తోడికోడలికి ఏముండాది?" అంది. 1883 నాటి కోడ్‌లో ఉన్న రెండో వరుస ఇదే. ఆమె దాన్ని చదవలేదు. కేరళలో మంచాన పడినవాళ్ళను చూసుకునే మనిషికి 'ఆశ్వాసకిరణం' కింద నెలకు 600 రూపాయలు పెట్టారు. కూలీ అనలేం గాని, పేరైతే ఆ మనిషిది. 2019లో దేశవ్యాప్తంగా కాల వినియోగం మీద చేసిన సర్వేలో ఇంట్లోవాళ్ళను చూసుకునే పనిలో ఉన్న ఆడవాళ్ళు రోజుకు 134 నిమిషాలు, మగవాళ్ళు 76 నిమిషాలు పెడుతున్నట్టు తేలింది. వంటా వార్పూ వేరే లెక్క, అందులో 299కి 97. రాత్రి రెండు గంటలకు లేచి తిప్పి మళ్ళీ పడుకుంటే అది అయిదు నిమిషాల పని. ఆ అయిదు నిమిషాల కోసం పోయిన రాత్రి ఏ లెక్కలోకీ రాదు.

మా అత్త మెట్టినూరి వైపు, పత్తికొండ, ఆలూరు, కోసిగి పల్లెల్లో పంట పోయిన ఏడు ఇప్పటికీ సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కొయ్యడానికి, పత్తి తియ్యడానికి. బడి పిల్లల కోసం సీజనల్ హాస్టళ్ళు పెట్టారు. ముసలివాళ్ళను కట్టపెట్టేది మాత్రం ఇంకా ఇంటికే, ఇంట్లో ఎవరో ఒక ఆడపిల్లకే. బయట గొళ్ళెం పెట్టిన తలుపులు ఆ ఊళ్ళలో నేను చూశాను.

మా అమ్మ గురించి రాయకుండా ముగిద్దామనుకున్నాను. కుదరడం లేదు.

అమ్మ నంద్యాల దగ్గర పల్లెలో అన్న ఇంట్లో ఉండేది. నా ఇంటికి వచ్చినా రెండు రాత్రులకు మించి ఉండేది కాదు. కూతురింట్లో కూర్చొని తినకూడదట. ఆమె మంచాన పడినాక చూసింది మా వదినె. వదినె తల్లి ఆళ్ళగడ్డలో, ఆమె కోడలి చేతుల్లో. ఇట్లా చూసుకుంటూ పోతే మేమందరం ఇంకొకరి అమ్మ దగ్గర ఉన్నాం. 2022 నవంబరులో వదినె ఫోన్ చేసింది. "రామ్మా, అత్త నిన్నే అడుగుతాంది." కువైటామె అప్పుడే తన ఊరికి పోయి ఉంది. సోమవారం వస్తుంది, వచ్చినాక బయల్దేరతానన్నాను. నా భర్త ఉన్నాడు కదా అని మీరడగవచ్చు. వదినె అడగలేదు. నేనూ అడగలేదు.

అమ్మ శనివారం రాత్రి పోయింది. ఆ కబురు విని రాయచోటి నుంచి ఆమె తెల్లారేసరికి బండి పట్టుకొని వచ్చింది. నేను అయిదున్నర బస్సుకు పోయాను.

అయిదో నోటుపుస్తకంలో ఆ తర్వాతి పేజీలు ఆమె రాతలో ఉన్నాయి. పెద్ద పెద్ద అక్షరాలు, ఒత్తులు లేవు. ఆదివారం రాత్రి పేజీ మీద ఇట్లా ఉంది: రెండుకు ఎడమకు తిప్పితి. వీపు బాగుండాది. నీళ్ళు నా చేత తాగల్యా, నాలుగుకు తాగింది. అక్క ఊరికి పోయింది.